జడలబర్రె దుప్పటికి చింతగింజల గంజి

"గంజి పెట్టినావా? అమ్మా, దానికి గంజి పెట్టినావా?"

"పెట్టినా. ఎందుకట్ల అరుస్తావు? గంజి లేని కంబళి కంబళేనా? తడిగుడ్డ."

"అది కంబళి కాదమ్మా! మా యజమానురాలు అమ్మేదానికి తెప్పించిన దుప్పటి. బేస్తవారం ఒకామె వచ్చి తీసుకపోతాది."

"తీసుకపోనీ. ఇప్పుడైతే ఇంకా సంతోషంగా తీసుకపోతాది. చూడు, గోడకానిస్తే నిలబడతాండాది."

"నిలబడకూడదమ్మా! అది మెత్తగా ఉంటేనే దానికి విలువ. ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"నాకెవురే చెప్పేది? నలభై ఏండ్లు గంజి కాచిన చెయ్యి ఇది."

"ఇది మన ఊరు కాదు!"

"ఉన్ని యాడైనా ఉన్నే."

ఇది నాకూ నా కూతురు రత్నమ్మకూ కువైట్లో, సబా అల్ సలేం అనే పేటలో, అది పనిచేసే ఇంటి మిద్దె మీద జరిగిన కొట్లాట. మేం ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకొని ఆరేండ్లయింది. ఆరేండ్ల తర్వాత మొదటి కొట్లాట గంజి మీద వచ్చింది.

నేను తిరిగొచ్చినాక ఊర్లో అందరూ అడిగేదే. కువైట్ ఎట్లుండాది, ఏం చూస్తివి, ఏం తింటివి అని. ప్రతి గడపలో కూర్చొని చెప్పే ఓపిక లేదు. మూడో తరగతి చదువుతో వచ్చిన అక్షరాలతోనే రాసిపెడతాండా. పోనోళ్లు చదువుకోండి.

ఖైతాన్

ముందు ఎందుకు పోయినానో చెప్పాల. ఊరు చూసేదానికి కాదు.

నా మనవరాలు శిరీషకు ఏడో నెల. తొలికాన్పు. తొమ్మిదో నెల పడతానే ఒడి నింపాల. మా రాయచోటి పక్క ఒడిలో బియ్యం పోసేది కన్నతల్లి. శిరీషను నాలుగేండ్ల పిల్లప్పటి నుంచి సాకింది నేనే. అయినా నా మొగుడు పోయి తొమ్మిదేండ్లయింది, నొసట బొట్టు లేనిదాన్ని, నా చేత్తో పోయకూడదు. రత్నమ్మ రావాల. దాని మొగుడు ఊర్లోనే గొర్రెలు కాసుకుంటా బాగానే ఉండాడు, దాని బొట్టుకేం లోటు లేదు. ఫోన్లో అడిగితే "మామా వదలదమ్మా" అంటాది. మామా అంటే దాని యజమానురాలు, పనోళ్లంతా అట్లే పిలుస్తారంట. శిరీష పెండ్లికీ అదే మాట చెప్పింది. పెండ్లిలో తల్లి జాగాలో పక్కింటామె నిలబడింది. నేను ఒక మూలన కూర్చొని అది చూసినా. ఈసారి ఆ మామానే నేను ఎదురుగా అడిగి తేల్చుకుందామని బయలుదేరినా.

నా కొడుకు నరసింహులు ఖైతాన్లో బండ్లు బాగుచేసే షెడ్డులో ఉండాడు. వాడే నాకు నెల దినాల వీసా తీసినాడు. ఖైతాన్ పాత పేట. ఇండ్లు ఒకదానిమీద ఒకటి, కింద అంగళ్లు, పైన గదులు. రెండు గదుల్లో ఐదుమంది మొగోళ్లు. నాకని ఒక గది ఖాళీ చేసి వాళ్లంతా ఇంకోదాంట్లో ఇరుక్కున్నారు. గది చిమ్మి పెట్టినారు గానీ మంచం కింద చిమ్మలేదు. మొదటి దినం నేను చేసిన పని అదే.

నేను మూటలో మూడు తెచ్చినా. రాగిపిండి, శెనగ్గింజల పొడి, మన చెట్టు చింతపండు. చింతపండు గింజ తీయకుండానే తెచ్చినా, ఎందుకంటే గింజ తీస్తే తొందరగా చెడతాది. సాయంత్రం సంకటి కెలికి ముద్దలు చేసి పెడితే కడప పక్కాయన ఒకాయన ముద్ద ముందర పెట్టుకొని శానా సేపు తినలేదు.

"ఏమప్పా, బాగాలేదా?" అన్నా.

"బాగుంది పెద్దమ్మా. ఆవిరి చూస్తాండా" అన్నాడు.

ఇంకో ముద్ద వేసినా.

ధరల గురించి అందరూ అడుగుతారు. కరేపాకు కట్ట పావు దినారు. మన లెక్కలో డెబ్బై రూపాయలు. మా ఇంటెనక చెట్టును మేకలు తింటాంటే నేను ఎన్నిసార్లు ఊరకున్నానో తలచుకొని సిగ్గుపడినా. కానీ రొట్టెలు మాత్రం అగ్గువ. వేడి రొట్టెల సంచి ఒక టీ కంటే తక్కువకే వస్తాది. ఒక అలవాటు నాకు నచ్చింది. మిగిలిన రొట్టెను వాళ్లు చెత్తలో వేయరు. వేరే సంచిలో పెట్టి చెత్తడబ్బా పక్కన కొక్కేనికి తగిలిస్తారు. పిట్టలకో గొర్రెలకో పోతాదంట. తిండిని కాలికింద వేయనోళ్లు చెడ్డోళ్లు కాదు. అది చూసినాక ఆ మామాను అడగొచ్చులే అని కొంచెం ధైర్యం వచ్చింది.

బస్సులో

శుక్రవారం నరసింహులుకు సెలవు. నన్ను బస్సులో సబా అల్ సలేంకు పిల్చకపోయినాడు. జనవరి నెల, బయటే చలి, బస్సులో ఇంకా చల్లగాలి పెట్టినారు. నేను భుజాన కంబళి కప్పుకొని ఉంటి. నా మొగుడు ఆఖరున నేసింది అది. నేత ఆయన చేతిది, నూలు నా చేతిది.

ఎదురు సీట్లో నలభై ఏండ్లాయన కూర్చొని కంబళినే చూస్తాండాడు. పసుపు చొక్కా, సిమెంటు అంటిన బూట్లు. ఆయన చూపు చూసి, దొంగేమో అని కంబళి దగ్గరికి లాక్కున్నా.

"అవ్వా, గది గొంగడే కదా?" అన్నాడు.

తెలుగాయన. జగిత్యాల దిక్కంట.

"మేం కంబళంటాం" అన్నా.

"మా నాయిన గొర్ల కాడికి పోయేటోడు అవ్వా. వానొస్తె నన్ను గొంగట్ల కప్పుకునేటోడు. గా వాసన సూడక పదకొండేండ్లాయె. జరసేపు పట్కుంట, ఇయ్యవా?"

నేను ఎవురికీ ఇచ్చేదాన్ని కాదు. ఉతకడానికి కూడా కోడలికి ఇయ్యను. అయినా ఇచ్చినా. ఆయన మడిచి ఒళ్లో పెట్టుకొని, మొగం దాని మీద ఆనించి అట్లే నిద్రపోయినాడు. ఎంత కష్టం చేసి వచ్చినాడో. నరసింహులు, "మనం దిగే జాగా వస్తాంది, లేపుతా" అనె.

"లేపొద్దు" అన్నా.

మూడు స్టాపులు దాటిపోయినాం. ఆయనే ఉలిక్కిపడి లేచి, "అయ్యో అవ్వా, నా తోని మీరు దిగే జాగ తప్పిపాయె" అని చెంపలేసుకున్నాడు. తిరిగి నడిచేటప్పుడు నరసింహులు నన్ను చూసి నవ్వుతాండాడు. "ఎవురన్నా నీ కంబళి ముట్టుకుంటే చెయ్యి ఇరుస్తావు, ఈ దినం ఏమయింది?" అని. నోరు మూసుకొని నడువురా అన్నా.

సబా అల్ సలేం

మూడంతస్తుల ఇల్లు. రత్నమ్మ గేటు కాడ నిలబడి ఉంది. ముందు నెత్తి వెంట్రుకలు నెరిసినాయి. ఫోన్లో తల మీద ఎప్పుడూ గుడ్డ కట్టుకొని మాట్లాడతాది, నాకు తెలీలేదు. వచ్చి నా చేతిలో సంచి పట్టుకుంది. నేను వదల్లేదు, అదీ వదల్లేదు. ఇద్దరం ఆ సంచి పట్టుకొని కాసేపు అట్లే నిలబడినాం.

"చిక్కిపోయినావు" అన్నా.

"నువ్వు పొట్టిగైనావు" అనింది.

మామా నలభై ఏండ్ల లోపు మనిషి. ఇద్దరు పిల్లలు. ఆమె తల్లి డెబ్బై దాటిన ముసలామె, ఆమెను రత్నమ్మ పెద్దమామా అంటాది. మామా నన్ను చూసి, "మీ అమ్మ నాలుగు దినాలు నీ గదిలోనే ఉండనీ" అనిందంట. రత్నమ్మ గది మిద్దె మీద, బట్టలుతికే మిషను పక్కన. చిన్నదే గానీ కిటికీ ఉంది.

సాయంత్రం మామా చిన్న పాప వచ్చి రత్నమ్మ మోకాళ్ల మధ్యన కూర్చుంది. రత్నమ్మ దానికి నూనె రాసి, పాయ తీసి, రెండు జడలు అల్లింది. జడ కొసన ముడి మన మాదిరే వేసింది. శిరీషకు జడలు వేసింది నేను. నా వేళ్లు మొద్దువి, పాయ ఎప్పుడూ వంకరగా వచ్చేది. ఇంత తిన్నగా పాయ తీస్తాదని నా కూతురి గురించి నాకే తెలీదు. నేను లేచి నీళ్లు తాగేదానికి పోయినా.

మరుసటి దినం మామా నన్ను కింది గదిలోకి పిలిచింది. తలుపు తీస్తానే ఉన్ని వాసన. నిలబడిపోయినా. ఆమె ఇంట్లోనే వ్యాపారం చేస్తాదంట. గది నిండా దిండు గలీబులు, మంచం మీద పరిచే దుప్పట్లు, గోడకు తగిలించేవి, కింద పరిచేవి. అన్నీ చేత్తో నేసినవే. నలుపు, మట్టి రంగు, పాలమీగడ రంగు. మధ్యన ఒకటో రెండో ఎర్ర చారలు.

మామా అరబ్బీలో చెప్పేది రత్నమ్మ నాకు తెలుగులో చెప్పింది. ఇవి టిబెట్ దేశపు పశువుల కాపరుల గుడారాలను చూసి చేసినవి. ఆ దేశం హిమాలయాల అవతల. అక్కడ వాళ్లకు ఒక ఊరని ఉండదు. గడ్డి ఎక్కడుంటే అక్కడికి జడలబర్రెల వెంట పోతారు. ఆ బర్రెల వెంట్రుకలు వడికి, జానెడు వెడల్పు పట్టీలు నేసి, పట్టీకి పట్టీ కుట్టి నల్ల గుడారం చేస్తారు. మధ్యలో పొయ్యి. ఎండలో నేత విచ్చుకొని పొగ బయటికి పోతాది. వాన పడితే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. మామా ఫోన్లో బొమ్మ చూపించింది. పచ్చటి కొండ మీద నల్లటి గుడారం, దాని వాకిట్లో ఒక ఆడామె నేల మీదే మగ్గం పరుచుకొని కూర్చుంది.

"ఆడామె నేస్తాదా?" అన్నా.

మా దాంట్లో ఆడది వడకాల, గంజి పెట్టాల. మగ్గం గుంతలో దిగేది మొగోడే. నలభై ఏండ్లు నేను గుంత గట్టున కూర్చొని నూలు అందించినా గానీ లోపల కాలు పెట్టలేదు. ఆయన పోయినాక ఆ గుంతను బండ వేసి మూసినాం. దాని మీద ఇప్పుడు గ్రైండరు ఉంది.

పెద్దమామా కుర్చీలో కూర్చొని వింటాండాది. ఆమెకు హిందీ కొంచెం వస్తాది. నాకు రాయచోటి సంతలో కంబళ్లు అమ్మి నేర్చుకున్న ఉర్దూ కొంచెం వచ్చు. ఆమె తన ఎదమీద చెయ్యి పెట్టుకొని, "హమారా భీ. మేరా మా" అనింది. వాళ్లమ్మా ఇట్లే నేల మీద పరుచుకొని మేక వెంట్రుకలతో గుడారం పట్టీలు నేసేదంట. పెద్దమామా ఆ గుడారంలోనే పుట్టింది. ఇప్పుడు ఆ గుడారం గుడ్డ ముక్క కూడా ఇంట్లో లేదు.

నేను ఒక్కొక్కటీ తిప్పి చూసినా. ఒక దిండుకు పక్క కుట్టు చేతికుట్టు కాదు, మిషను కుట్టు. గోటితో గీరి చూపించినా. మామా ఆశ్చర్యపోయి, దాన్ని వేరే పెట్టి, నా భుజం తట్టి ఏదో అనింది.

"నీ కండ్లు మంచివి అంటాంది" అని రత్నమ్మ చెప్పింది.

అప్పుడే అడిగి ఉంటే సరిపోయేది. కానీ ఒక్క మాట మెచ్చుకుంటానే చేయి చాచేది నాకు చాతకాదు. ఏదన్నా చేసి చూపించి, అప్పుడు అడుగుదాం అనుకుంటి. ఆ అనుకోవడమే నన్ను ముంచింది.

మిద్దె మీద

ఆ గదిలో ఒక పెద్ద దుప్పటి ఉంది. పది పట్టీలు కలిపి కుట్టింది, గోడకు తగిలించేది. అదే బేస్తవారం పోవాల్సింది. నేత ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. కానీ పట్టుకుంటే జారిపోతాంది. ఎవురో అన్నీ చేసి గంజి మర్చిపోయినారు అనుకుంటి. మా దాంట్లో కంబళి పెళపెళలాడాల. సంతలో కొనేటోడు మొదట రెండు వేళ్లతో వంచి చూస్తాడు. వంగితే కింద పడేసి పక్క మూటకు పోతాడు.

నేను తెచ్చిన చింతపండు గింజలు తీసి రత్నమ్మ చెత్తలో వేయబోతే నేనే గిన్నెలో దాపెట్టి ఉంటి. గింజ పారేసే ఆడది సంసారం చేయలేదని మా అత్త అనేది. మామా పిల్లలతో బయటికి పోయిన దినం, రత్నమ్మ కింద పనిలో ఉంటే, ముందు దినమే వేయించి పొట్టు తీసి నానబెట్టిన గింజలను మిక్సీలో రుబ్బి చిక్కగా కాచినా. కింది గదిలోంచి దుప్పటిని మిద్దె మీదికి మోసుకొచ్చి పరిచినా. మన కుంచె లేదు, బట్టల బ్రష్షుతో పూసినా. అడ్డం పూసి, నిలువు పూసి, ఎండలో తీగ మీద వేసినా. ఆ గాలికి మధ్యాహ్నానికే ఎండిపోయింది.

నిజం చెప్పాలంటే దాన్ని చూసి నాకు శానా సంతోషమైంది. తొమ్మిదేండ్ల తర్వాత నా చేతులకు గంజి వాసన వచ్చింది.

అప్పుడే రత్నమ్మ పైకొచ్చింది. తర్వాత జరిగిన కొట్లాట మొదటే రాసినా.

మామా వచ్చినప్పుడు రత్నమ్మ నాకంటే ముందుకు పోయి నిలబడింది. తనే చేసినానని చెప్పబోతాందని నాకు అర్థమైంది. దాన్ని పక్కకు నెట్టి, "నేను" అని ఎద మీద గుద్దుకొని చూపించినా. మామా అరవలేదు. ఆ దుప్పటిని వంచబోయింది, అది రేకు మాదిరి టపీమనింది. మెట్టు మీద కూర్చుండిపోయి, రెండు చేతులతో మొగం మూసుకుంది. అరిచి ఉంటేనే బాగుండేది.

"రత్నమ్మా, చెప్పు ఆమెకు. తప్పు నాది. కోపం ఉంటే నా మీద చూపించమను. నీ సెలవు మీద చూపించొద్దని చెప్పు. శిరీష ఒడి నింపాల, కన్నతల్లి లేకుంటే కాదని చెప్పు. కావాలంటే ఇంటికి పోయి ఇట్లాంటిది ఒకటి నేయించి పంపిస్తానని చెప్పు."

రత్నమ్మ చెప్పింది. నేను పలికింది మూరెడు, అది చెప్పింది బెత్తెడు. అరబ్బీ పొట్టి భాషేమో అనుకుంటి.

నాలుగు కాళ్లు

గొడవ విని పెద్దమామా లిఫ్టులో పైకొచ్చింది. కట్టెతో దుప్పటిని తట్టి చూసింది. వంగి వాసన చూసింది.

"తమర్ హింద్?" అనింది. చింతపండా అని.

నేను తల ఊపినా. ముసలామె నవ్వడం మొదలుపెట్టింది. పండ్లు లేని నోరు, కండ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. మామాకు కూడా చివరికి నవ్వొచ్చి మూతి వంకర పోయింది గానీ ఆపుకొని, ఆ కొనేటామెకు ఫోను చేసి ఒక వారం గడువు అడిగింది.

ఉన్నిని వేడినీళ్లలో వేస్తే ముడుచుకపోతాది. పిండితే సాగిపోతాది. చల్లనీళ్లలో నానబెట్టి కాళ్లతో తొక్కాల, నీళ్లు మార్చాల, మళ్లా తొక్కాల. ఇది నాకు తెలుసు. మిద్దె మీద పెద్ద తొట్టి పెట్టించి, చీర ఎగ్గట్టి దిగినా. రత్నమ్మను సాయానికి రానీయలేదు, నా తప్పు నేనే తొక్కుకుంటా అని కిందికి పంపించినా. కాసేపటికి పెద్దమామా కుర్చీ తొట్టి పక్కకు లాగించుకొని, కాళ్లు కడుక్కొని, ఆ రెండు కాళ్లూ తొట్టిలో పెట్టింది. మడమల మీద పచ్చబొట్లు, రంగు వెలిసిపోయినాయి. కూర్చొనే తొక్కుతాండాది. నాలుగు ముసలి కాళ్లు ఒకే దుప్పటి మీద.

ఆమె చేతులతో గాల్లో చూపించింది, వాళ్లమ్మ పడుగు ఎట్ల పరిచేదో, జింక కొమ్ముతో పేకను ఎట్ల దగ్గరికి లాగేదో. గుడారం ఎత్తి ఒంటె మీద వేస్తే ఇల్లంతా పోయినట్టేనంట, కింద పొయ్యి రాళ్లు మాత్రం మిగిలేవంట. "అబ్ దీవార్" అనింది, చుట్టూ ఉండే గోడలను చూపిస్తా. ఇప్పుడంతా గోడలే అని. నాకు మూసేసిన మగ్గం గుంత కండ్ల ముందరికి వచ్చింది గానీ దాన్ని ఉర్దూలో ఏమనాలో నాకు తెలీదు. తొక్కినా.

రెండో నీళ్లు మార్చినాక నేను నోరు తెరిచినా. నా సంత ఉర్దూలో, "రత్నాకు ఛుట్టీ ఇయ్యమని మీ కూతురికి చెప్పమ్మా. దాని బిడ్డకు బిడ్డ పుట్టబోతాంది" అని బతిమాలినా. బతిమాలడం నా నోటికి అలవాటు లేదు.

పెద్దమామా కాళ్లు ఆపింది.

"ఛుట్టీ? కౌన్ నై బోలా?"

ఎవురు వద్దన్నారు అని.

"మామా."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. తన కూతురు మూడుసార్లు పొమ్మనిందంట. పెండ్లి అని తెలిసి టికెట్టు కూడా తీస్తానని చెప్పిందంట. "రత్నా నై జాతా. రత్నా కభీ నై మాంగా."

రత్నమ్మ ఎప్పుడూ అడగనే లేదు.

నేను తొట్టిలోనే నిలబడిపోయినా. నీళ్లు మడమల్లోకి చల్లగా ఎక్కినాయి.

దాని గదిలో

సాయంత్రం రత్నమ్మ ఉల్లిగడ్డలు తరగడానికి పైకి తెచ్చుకుంది. తలుపు మూసి ముందర కూర్చున్నా.

"మామా వదలలేదా, నువ్వు అడగలేదా?"

కత్తి ఆగింది. చెప్పదు అనుకుంటి. చెప్పింది.

"పోయినసారి వచ్చినప్పుడు శిరీషకు జ్వరమొచ్చింది, గుర్తుందా? నేను తల మీద తడిగుడ్డ వేయబోతి. నా చెయ్యి తోసేసింది. 'నువ్వొద్దు కువైటమ్మా, మా అమ్మను పిలువు' అనింది. అమ్మంటే నువ్వు. నేను లేచి వచ్చి నిన్ను పిలిస్తి."

"చిన్నపిల్ల. జ్వరంలో అనిన మాట అది."

"పద్నాలుగేండ్ల పిల్ల. పెండ్లికి వచ్చి యాడ నిలబడాల అమ్మా నేను? చుట్టాల్లోనా? ఇక్కడైతే ఏ జాగాలో నిలబడాలో నాకు తెలుసు. ఇప్పుడు ఒడి నింపేదానికి మాత్రం బొట్టు కావాల్సొచ్చి పిలుస్తాండారు."

కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ చివరి మాట నిజం.

ఇంకో నిజం కూడా రాస్తా, రాయకుంటే ఈ కాగితాలు ఖరాబు చేసి లాభం లేదు. ఆ జ్వరం దినం నాకు బాగా గుర్తుంది. రత్నమ్మ బయటికొచ్చి, "నిన్నే అడుగుతాంది" అంటే నేను లోపలికి పోయి పిల్ల పక్కన కూర్చున్నా. నాకు లోపల గర్వమైంది. గడపలో నిలబడిన కూతురి మొగం చూడలేదు. బడిలో అందరూ అమ్మ లేదని ఏడిపిస్తాండారని నన్నే అమ్మా అనమని పిల్లకు నేర్పింది నేనే. ఆ తర్వాత ఎప్పుడన్నా దిద్దొచ్చు. దిద్దలేదు. ఆ పిలుపు నాకు తీయగా ఉండె.

తప్పయిందే అనాల్సింది. నా నోట ఆ మాట రాలేదు. ఫోను తీసుకొని శిరీషకు కలపమన్నా. రత్నమ్మ కలిపి, తను కనపడకుండా గోడకు జరిగింది.

"అమ్మా, తిన్నావా? మోకాలి నొప్పి ఎట్లుంది?" అని శిరీష గొంతు.

"మోకాలి సంగతి తర్వాత. విను. ఇంకమీద నన్ను అవ్వా అను."

"ఏంది?"

"అవ్వా అను. నేను మీ అవ్వను. నిన్ను కన్నది రత్నమ్మ. నీకు నాలుగేండ్లప్పుడు నిన్ను వదిలి విమానమెక్కేటప్పుడు అది నీ పావడా ముక్క కొంగున కట్టుకొని పోయింది. నేను నీకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది."

ఆ పిల్ల, "ఆమె ఉందా పక్కన?" అనింది.

"ఉంది."

"నాకు భయమైతాందని చెప్పు. డాక్టరమ్మ బిడ్డ అడ్డం తిరిగింది అనింది. ఇంకా టైముంది, తిరుగుతాదిలే అనింది గానీ నాకు భయమైతాంది. నీకు చెప్పలేదు, నువ్వు తిడతావని."

రత్నమ్మ నా చేతిలోనుంచి ఫోను లాక్కుంది. "తిరుగుతాది పాపా, నువ్వూ అట్లే అడ్డం తిరిగినావు, ఎనిమిదో నెలలో నువ్వే సర్దుకున్నావు" అని మొదలుపెట్టింది. నాకు తెలీని సంగతులు అవి. ఎడమ పక్కకు పడుకో, కింద కూర్చొని లేవొద్దు, బరువు ఎత్తొద్దు. నేను బయటికొచ్చి, తీగ మీద ఆరేసిన దుప్పటి పట్టుకొని చూసినా. తొమ్మిది పట్టీలు మెత్తబడినాయి. ఒక మూలన మాత్రం గంజి ఇంకా వదలలేదు. దాన్ని వేళ్లతో నలుపుతా నిలబడినా. లోపల మాట ఆగలేదు.

మరుసటి పొద్దున

ఏడు కాకముందే వంటింట్లో అందరూ ఉన్నారు. మామా నిలబడే కాఫీ తాగుతాంది. పెద్దమామా రొట్టె ముక్క పాలలో ముంచుకుంటాంది. రత్నమ్మ చేతులు తుడుచుకొని మామా ముందరికి పోయి, అరబ్బీలో అడిగింది. ఈసారి దాని మాట మూరెడుంది.

మామా లోటా కింద పెట్టి, "మతా?" అనింది. ఎప్పుడు అని.

రత్నమ్మ నా టికెట్టు తారీకు చెప్పింది. పదకొండు దినాలుంది. ఎన్నాళ్లకు అని మామా అడిగితే మూడు వేళ్లు చూపించింది. మూడు నెలలు. మామా రెండు వేళ్లు చూపించింది. రత్నమ్మ మూడు వేళ్లు దించలేదు. పెద్దమామా ఏదో గట్టిగా అనింది. మామా "ఖలాస్", అంటే సరే పో, అని చెయ్యి ఊపి, ఫోను తీసి టికెట్టు చూడడం మొదలుపెట్టింది.

బయట స్కూలు బస్సు హారను కొట్టింది. చిన్న పాప జడ ఒకటి ఇంకా వేయలేదు. రత్నమ్మ దాన్ని పట్టుకొని, నడుస్తానే అల్లుతా, గేటు దాకా పోయి బస్సెక్కించి వచ్చింది.